సూక్ష్మజీవికి తీపి ఎర

గుండుగొలను దాటి కొల్లేరు వైపు వెళ్తే ఎటు చూసినా చేపల చెరువులే. చెరువులో జబ్బు కనిపిస్తే చాలు, రైతుకు ఏదో ఒక యాంటీబయాటిక్ మేతలో కలిపేయాలనిపిస్తుంది. ఇళ్లలోనూ అంతే. మూత్రంలో మంట అనగానే మందుల షాపులో అడిగి నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. ఇలా వాడేకొద్దీ మందుకు లొంగని సూక్ష్మజీవులే మిగులుతాయి.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీలో పరిశోధనలు నడిపిస్తున్న రోజుల్లోనే, 1948లో ఆరియోమైసిన్ వెలుగు చూసింది. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. అది సూక్ష్మజీవిని ఎదగనివ్వదు. ఇప్పుడు శాస్త్రవేత్తలు వెదుకుతున్న దారి వేరు. దానికసలు పట్టే దొరక్కుండా చేయడం!

మూత్రాశయ ఇన్‌ఫెక్షన్లకు ఎక్కువగా కారణం ఈ-కోలై. దాని ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగు కొసన ఉండే ‘ఫిమ్‌హెచ్’ అనే ప్రొటీను, మూత్రాశయం గోడ మీది మానోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. మూత్రం ధార లాగేకొద్దీ ఆ పట్టు మరింత బిగుస్తుంది. అదే చక్కెరను ఎరగా వేస్తే? సూక్ష్మజీవి ఎరను పట్టుకుంటుంది, గోడను వదిలేస్తుంది. మూత్రంతోపాటు కొట్టుకుపోతుంది. చక్కెర ఎరతో ఎలుకల్లో ఈ ఇన్‌ఫెక్షన్‌ను అడ్డుకోవచ్చని 1979లోనే తేలింది.

మరి మనుషుల్లో? బ్రిటన్‌లో తరచూ ఈ బాధ పడే 598 మంది మహిళలకు ఆరు నెలలపాటు రోజూ, కొందరికి డి-మానోజ్ పొడి, మిగిలినవారికి మామూలు పళ్ల చక్కెర ఇచ్చి చూశారు. 2024లో వెలువడిన ఫలితం నిరాశే మిగిల్చింది. మళ్లీ ఇన్‌ఫెక్షన్ అనుమానంతో వైద్యం కోసం వెళ్లినవారు మొదటి జట్టులో నూటికి 51 మంది, రెండో జట్టులో సుమారు 56 మంది. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. అందుకే ఫిమ్‌హెచ్‌కు ఇంకా గట్టిగా అతుక్కునే మానోసైడ్లను ప్రయోగశాలల్లో తయారుచేస్తున్నారు. ఈస్ట్ నుంచి తీసిన ఇలాంటి చక్కెరలను చేపల, రొయ్యల మేతలోనూ కలుపుతున్నారు. వాటి ఫలితాలూ అన్నిచోట్లా ఒక్కలా లేవు.

ప్రకృతి మాత్రం ఈ ఎరను ఎప్పుడో సిద్ధం చేసింది. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు వందకు పైగా రకాలున్నాయి. అవి పేగులో మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. కీడుచేసే కొన్నింటిని పేగు గోడకు అంటుకోకుండా తమవైపు లాక్కుంటాయి. ముర్రుపాలలో ఇవి మరీ ఎక్కువ. ‘పసిబిడ్డకు పడవు’ అంటూ ఆ పాలు పిండి పారబోయమనే పెద్దలు ఇంట్లో ఉంటే ఈ సంగతి చెప్పాలి.

మూత్రంలో మంటకు మాత్రం చక్కెర పొడులు కొని ప్రయోగాలు చేయొద్దు. డాక్టరుకు చూపించుకుని, అవసరమైతే పరీక్ష చేయించుకుని, రాసిన మందును రాసినన్ని రోజులూ వాడాలి. మంచి ఎర దొరికేదాకా, ఉన్న మందుల పదును కాపాడుకోవడమే తెలివైన పని.