కెమెరా కన్ను.. వీధి మారితే తికమక

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రతా చట్టం వచ్చిన తరువాత జనం అధికంగా చేరే సంస్థల్లో సీసీ కెమెరాలు తప్పనిసరి అయ్యాయి. 2022 ఆగస్టులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. కెమెరాలు పెరిగాయి సరే, ఇన్ని దృశ్యాలను రేయింబవళ్లు చూసేదెవరన్నదే చిక్కు. ఆ పనిని యంత్రానికి అప్పగించాలంటే కదిలే వస్తువేదో, వెనుకనున్న నేపథ్యమేదో అది ముందుగా విడదీయగలగాలి.

వినడానికి ఇది తేలికే. అయితే గాలికి వేపకొమ్మ కూడా కదులుతుంది. లారీ దీపాల వెలుగు గోడపై పాకుతుంది. సంత వద్ద గంటసేపు నిలిపిన ఆటోను ఎందులో జమకట్టాలి? అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు స్టౌఫర్, గ్రిమ్సన్ 1999లో ఒక గణాంక పద్ధతిని ప్రతిపాదించారు. ప్రతి పిక్సెల్ రంగు ఎలా మారుతోందో లెక్కగట్టి, అలవాటైన రంగులను నేపథ్యంగా పరిగణించడం దీని సారాంశం. ఊగే కొమ్మను ఇది చాలావరకు తట్టుకుంది. నీడల వద్ద, హఠాత్తుగా మారే వెలుతురు వద్ద తడబడింది. ఆగిన వాహనాన్నైతే కాసేపటికి నేపథ్యంలో కలిపేసేది.

మార్కుల వెనుక మర్మం

తరువాత న్యూరల్ నెట్‌వర్క్‌లు రంగప్రవేశం చేశాయి. ఈ రంగంలో కొలబద్దగా వాడే సీడీనెట్-2014 సంకలనంలో 11 విభాగాల కింద 53 వీడియోలు ఉన్నాయి. 2018 నాటి ఎఫ్‌జీసెగ్‌నెట్ వాటిపై 1కి 0.98 దాకా మార్కులు తెచ్చుకుంది. సమస్య తీరినట్టేనన్న భావన కలగడం సహజమే. కానీ ఒక్కో వీడియో నుంచి 200 వరకు ఫ్రేములను మనుషులు గుర్తులు పెట్టి నేర్పించాకే ఆ ఘనత. పరీక్షా అదే వీడియోలోని మిగతా ఫ్రేములపైనే జరిగింది. పేపరు లీకైన పరీక్షకు ఇది భిన్నమేమీ కాదు.

2020లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీని గుట్టు విప్పారు. మునుపు చూడని వీడియోలు ఇచ్చేసరికి ఇదే తరహా నెట్‌వర్క్ మార్కు 0.4కు కూడా చేరలేదు. వారు రూపొందించిన బీఎస్‌యూవీ-నెట్ వర్తమాన ఫ్రేముతో పాటు ఖాళీ దృశ్యాన్ని, ఇటీవలి నేపథ్యాన్ని పోల్చి చూస్తుంది. కొత్త వీడియోలపై దాని మార్కు 0.79 దరిదాపుల్లో ఉంది. తక్కువగా కనిపించినా నమ్మదగినది ఈ అంకెే.

పట్టణాల్లో ఇటువంటి పరికరాలు కొనే అధికారులకు ఈ తేడా తెలియడం అవసరం. విక్రేత చూపే శాతం ఏ కెమెరా దృశ్యాలపై వచ్చిందో అడగాలి. స్థానిక కూడలిలో వానరాత్రి, జాతర రద్దీ దృశ్యాలతో పరీక్షించాకే బిల్లు చెల్లించాలి. రాత్రివేళ నల్లదుస్తుల పాదచారి నేపథ్యంలో కలిసిపోతే ప్రమాదం నమోదు కాదు. కొమ్మ ఊగినప్పుడల్లా గంట మోగితే సిబ్బంది దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. తల తిప్పే కెమెరాల సంగతి మరీ కష్టం. అక్కడ నేపథ్యమే కదులుతుంది.