పట్టీలో మన పేరు ఎప్పుడెక్కుద్ది?

అమెరికాలో 18 ఏళ్ళు నిండిన మగపిల్లోడు సైన్యం పట్టీలో పేరు రాయించుకోవాలి. 1973 తర్వాత అక్కడ ఎవర్నీ బలవంతంగా సైన్యంలోకి తీసుకోలేదు. అయినా 1980 నుంచి ఈ నమోదు నడుస్తానే ఉంది. గ్రీన్ కార్డు మీద పోయిన మన తెలుగోళ్ళ పిల్లలకీ తప్పదు. 2025 డిసెంబరులో వచ్చిన రక్షణ చట్టంతో ఇప్పుడు పద్ధతి మారతా ఉంది. పిల్లోడు పోయి రాయించుకునే పనిలేదు, ప్రభుత్వమే తన రికార్డులు చూసి పేరు ఎక్కించేసుద్ది.

అది చదివితే నాకు మా కాలనీ గుర్తొచ్చింది. సర్కారు కావాలనుకుంటే పేరు ఎంత తేలిగ్గా ఎక్కుద్దో చూడండి!

మన దేశంలో బలవంతపు సైన్యం లేదు. ఇష్టమున్నోళ్ళే పోతారు. 2022 జూన్ నుంచి ఆ దారి పేరు అగ్నిపథ్. నాలుగేళ్ళ కొలువు. ఆ తర్వాత నూటికి 25 మందిని దాకా ఉంచుకుంటారు, మిగతా వాళ్ళు సుమారు 11.7 లక్షల సేవానిధి తీసుకుని ఇంటికి రావాలి. పెన్షన్ లేదు. ఈ పథకం మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. అయితే నెల్లూరు తీరంలో రొయ్యల గుంట కాడ కాపలా కాసే యానాది పిల్లోడు దాన్ని కాదనాలన్నా, ముందు గుమ్మం దాకా పోగలగాలి గదా.

మా కాలనీలో ఇద్దరు పిల్లోళ్ళు తెల్లారకముందే కాలవ కట్ట మీద పరిగెత్తేవాళ్ళు. పరుగులో వాళ్ళకి ఢోకా లేదు. ఒకడు కులం సర్టిఫికెట్ కాడ ఆగిపోయాడు. ఇంకొకడికి ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, పదో తరగతి మార్కుల లిస్టులో ఇంకో తేదీ. అమ్మానాన్న బాతుల ఎనక ఊర్లు తిరిగినోళ్ళు, తేదీ ఎవరు రాసిపెట్టారు? ఎత్తు సంగతి ఇంకో కత. ఆంధ్రా పిల్లలకి 166 సెంటీమీటర్లుండాలి, గుర్తించిన గిరిజన ప్రాంతాల వాళ్ళకి 162 చాలు. నెల్లూరు ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. మనం ఎస్టీలమే, మన నేల మాత్రం గిరిజన ప్రాంతం కాదంట!

మన పేర్లు రాయటం సర్కారుకి రాదనుకోకండి. తెల్లోళ్ళ కాలంలో 1911 నేరస్త తెగల చట్టం కింద యానాదుల్లో కొన్ని గుంపుల్నీ, ఎరుకలోళ్ళనీ పట్టీలోకి ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. అప్పుడు పుట్టినరోజు కాగితం అడిగిందెవరు? ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 అయింది. అమెరికా ఆదివాసులదీ ఇదే వరస. 1917లో వాళ్ళలో చానామందికి పౌరసత్వమే లేదు, అయినా యుద్ధం పట్టీలో పేరు రాయించుకోమన్నారు. అందరికీ పౌరసత్వం ఇచ్చింది 1924లో.

అగ్నివీరుల్లో 25 శాతం కంటే ఎక్కువమందిని ఉంచుకోవాలని ఇప్పుడు చర్చ నడుస్తా ఉంది. మంచిదే. కాకపోతే ఆ చర్చ లోపలికి పోయినోళ్ళ గురించి. బయట ఆగిపోయినోళ్ళ గురించి మాట్లాడాల్సింది మనమే. యానాదుల కోసమనే నెల్లూరులో ఐటీడీఏ ఉంది. భర్తీ ప్రకటన రాకముందే ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు మండలాల కాలనీల్లోకి వాళ్ళే వచ్చి జనన ధ్రువీకరణ, ఆధార్, కులం కాగితాలు అక్కడికక్కడ చేసిపెట్టాలి. ఎత్తు సడలింపు నేలని బట్టి కాకుండా తెగని బట్టి ఇవ్వాలని రక్షణ శాఖకి మన తరఫున రాయాలి. సైన్యంలోకి పోయేదీ మానేదీ ఆ తర్వాత పిల్లోడి ఇష్టం. ఆ కాగితాలు కాలేజీకీ పనికొస్తాయి, ఇంటి పట్టాకీ పనికొస్తాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకోండి. మీ కాలనీలో 15 ఏళ్ళు దాటిన పిల్లల పేర్లు రాయండి. ఎవరికి ఏ కాగితం లేదో పేరు పక్కనే రాయండి. ఆ బుక్కులన్నీ పట్టుకుని అందరం కలిసి ఐటీడీఏ ఆఫీసుకి పోదాం.