ముక్కు దగ్గరే పట్టుకోవలసిన ఉబ్బసం

షోలాపూర్ తూర్పు పేటల్లో మరమగ్గాల మీద బతికే మన పద్మశాలి కార్మికులు తెల్లవారగానే వచ్చే తుమ్ములను, వదలని ముక్కు దిబ్బడను జలుబు కింద కొట్టిపారేస్తుంటారు. టవళ్లు నేసేచోట నూలు నూగు కనుబొమల మీద, మగ్గం చట్రం మీద తెల్లగా పేరుకుంటుంది. ముక్కులోకి పోయేదీ అదే. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా శ్వాసమార్గం ఒక్కటే కనుక పైన వాపు తగ్గకపోతే కింద ఉబ్బసమూ అదుపులోకి రావడం కష్టం. ముక్కు మూసుకుపోయి నోటితో పీల్చే గాలి దుమ్ముతో సహా లోపలికి దిగుతుంది. ముక్కు అలర్జీ వదలనివారిని ఉబ్బసానికీ, ఉబ్బసం ఉన్నవారిని ముక్కు జబ్బుకూ పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 2001లో వెలువడిన ‘ఆరియా’ నివేదిక స్పష్టంగా చెప్పింది.

అద్దకంలో రియాక్టివ్ రంగుల పొడి కలిపేవారి సంగతి మరీ ఆందోళనకరం. ఆ పొడి పడనివారిలో చాలాసార్లు తుమ్ములు ముందొస్తాయి, పిల్లికూతలు తరవాత. ఆ మధ్య వ్యవధిలోనే వైద్యం అందాలి, పని మార్చాలి. పత్తి ధూళితో వచ్చే బిసినోసిస్‌ను చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. కానీ ఇంట్లో నాలుగు మగ్గాలు నడుపుకునేవారికి ఈఎస్ఐ ఆసరా ఎక్కడిది? నగరపాలక సంస్థ ఈ పేటల్లోనే శ్వాస పరీక్షా శిబిరాలు నడపాలి. అక్కడ ముక్కునూ చూడాలి, లక్షణాలను తెలుగులో అడగాలి. కార్ఖానాదారులు నూగును చీపురుతో రేపకుండా పీల్చే యంత్రాలతో తీయించాలి.