ఫోనుండగా కెమేరా ఎందుకు?

"చేతిలో అంత ఖరీదు ఫోను పెట్టుకుని మళ్ళీ కెమేరా ఎందుకే?" అన్నాను మా అమ్మాయితో, రెండేళ్ళ క్రిందట. లెక్చరరు జీతం సంగతి పాఠకులకు నేను చెప్పాలా!

ఆ మాట లోకమంతా అన్నదే. జపాను కెమేరా తయారీదారుల సంఘం లెక్క ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు బజారుకు వెళితే, 2023లో 80 లక్షలైనా లేవు. ఫిల్ముల సామ్రాజ్యమేలిన కొడాక్ 2012లో దివాలా కోర్టుకెక్కింది. చిత్రమేమంటే, 1975లో తొలి డిజిటల్ కెమేరాను చేసింది ఆ కంపెనీ ఇంజనీరే!

కనుక నా వాదన గట్టిదేననుకున్నాను, కిందటి మాఘమాసం వరకు.

అప్పుడు మా అమ్మ పోయింది. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. ఇంట్లో నాలుగు ఫోన్లు, వేలకొద్దీ ఫొటోలు. అర్ధరాత్రి దాకా వెదికాం. కాఫీ కప్పులున్నాయి, కారు టైర్లున్నాయి, పక్కింటి పిల్లి ఉన్నది. అమ్మ కూడా ఉన్నది. ఎవరి వెనుకనో సగం భుజంగా, లేదా వంటింటి మసక వెలుతురులో. ఉన్నంతలో ఒకటి ఏరి పెద్దదిగా అచ్చు వేయిస్తే, మా మేనత్త చూసి, "ఎవర్రా ఈవిడ?" అన్నది. నుదుటి మీద ముడతలు లేవు. ముఖం పింగాణీ పళ్ళెంలా ఉన్నది.

స్టూడియో అతను చెప్పాడు: ఫోనులో వెలుతురు పట్టే పలక గోరంత, పెద్ద కెమేరాలో అది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. మసకలో గోరంత పలకకు వెలుతురు చాలదు. అందుకని ఫోను నాలుగైదు బొమ్మలు కలిపి, మచ్చలు తుడిచి, నునుపు చేస్తుంది. ఆ తుడుపులో అమ్మ డెబ్బయ్యేళ్ళూ కొట్టుకుపోయాయి.

పగటి వెలుతురులో ఫోను చక్కగానే తీస్తుంది, అబద్ధమెందుకు? కాని ఫొటో తీస్తానని అమ్మను పిలిచి కూర్చోబెట్టిందెవరు?

నాన్నగారు పిలిచేవారు. ఆయన అగ్ఫా క్లిక్ త్రీలో రీలుకు 12 బొమ్మలే. అమ్మను పెరట్లో ఎండకు నిలబెట్టి, కొంగు సర్దుకోమని, ఊపిరి బిగబట్టి నొక్కేవారు. చివరికి పటం కట్టించింది ఆ బొమ్మకే. పరామర్శకు వచ్చినవారిలో ఇద్దరు "మీ అక్కగారా?" అని అడిగారు.

మొన్న ఆదివారం మా అమ్మాయి కెమేరా వచ్చింది. వచ్చిన గడియ నుంచీ నన్ను కిటికీ పక్కన కూర్చోమంటున్నది. కళ్ళజోడు ఉంచనా, తీయనా అని మా ఆవిడను అడుగుతున్నాను.