నీటితొట్టిలో కృష్ణబిలము: ఉపమానమా, నిదర్శనమా?

తెలుగు తరగతిలో ఉపమాలంకారమును బోధించునపుడు ఉపాధ్యాయుడు దాని నాలుగంగములను వల్లె వేయించును: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. ముఖము చంద్రునివలె మనోహరముగా నున్నదన్నప్పుడు మనోహరత్వ మొక్కటియే సమానధర్మము. చంద్రునకు మచ్చ గలదు గనుక ముఖమునకును మచ్చ గలదని వాదించువాడు అరసికుడు. చంద్రుడు ముఖము గాడు గనుక పోలికయే వ్యర్థమనువాడు అంతకంటెను అరసికుడు. ఈ పాఠము తెలుగు తరగతితోడనే ముగియునని విద్యార్థులు తలంతురు. విజ్ఞానశాస్త్రమునందును దీని యవసర మెంతయో కలదని యొక యుదాహరణముచే చూపుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ప్రయోగశాలలో కృష్ణబిలమును సృష్టించిరను శీర్షిక వార్తాపత్రికలలో అప్పుడప్పుడు కానవచ్చుచుండును. అది చదివి కొందఱు తల్లిదండ్రులు, ఆ బిలము భూమిని మ్రింగివేయునేమో యని భయపడుదురు. కొందఱు బాలురు, కృష్ణబిలముల రహస్యమంతయు తేలిపోయినదని సంబరపడుదురు. మఱికొందఱు పెద్దలు, ఇది నీళ్లతో నాడుకొను పిల్లల యాట యని పెదవి విఱతురు. మా యభిప్రాయమున నీ మూడును పొరపాటులే. సమానధర్మ మేదో విచారింపకపోవుటయే మూడింటికిని మూలము.

ముందుగా ఉపమేయమును చూతము. మిక్కుటమైన ద్రవ్యరాశి మిక్కిలి కొద్దిచోట నిమిడియుండుటచే వెలుతురు సైతము వెలువడలేని ప్రదేశము కృష్ణబిలము. దాని చుట్టును గల హద్దును శాస్త్రజ్ఞులు ఈవెంట్ హొరైజన్ అందురు. మనము ఘటనాదిగంత మనవచ్చును. అది గోడ కాదు, పొర కాదు. దాటిన పిమ్మట మరలిరాలేని గీత మాత్రమే. సూర్యునంతటి ద్రవ్యరాశి గల బిలమునకు దిగంతపు వ్యాసార్ధము సుమారు 3 కిలోమీటర్లు. ఇట్టి బిలము పూర్తిగా నల్లనిది కాదనియు, దానినుండి అతిస్వల్పమైన వేడిమి వెలువడుననియు 1974లో స్టీఫెన్ హాకింగ్ గణించి చెప్పెను. కాని యా వేడిమి యెంత? సూర్యునంతటి బిలమునకు ఒక కెల్విన్‌లో పదికోట్లవ వంతులు ఆఱు మాత్రమే. ఆకాశమంతట నిండియున్న ప్రాచీన వికిరణమో, 2.7 కెల్విన్ల వేడిమి గలది. జాతరలో డప్పులు మ్రోగుచుండగా దోమ రొదను వినగోరుట యెట్టిదో, ఆ వేడిమిని కనుగొనబూనుటయు నట్టిదే. 2019లో ప్రకటింపబడిన చిత్రమున, ఎం87 గెలాక్సీ నడుమనున్న బిలముచుట్టు కనబడినది వేడివాయువు వెలుగే గాని హాకింగ్ చెప్పిన వెలుగు కాదు. తన జోస్యమును ఆకాశమున నెవరును చూడకమునుపే హాకింగ్ 2018లో కాలధర్మము నొందెను.

ఇక ఉపమానము. 1981లో కెనడా దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు విలియం ఉన్రూ ఒక పోలికను ప్రకటించెను. జలపాతమువైపు పోవు నది క్రమక్రమముగా వేగము హెచ్చించుకొనుచున్నదనుకొందము. అందులో నొక చేప కేకవేసినది. నీటి వేగము ధ్వనివేగముకంటె తక్కువగా నున్నంతవఱకు ఆ కేక ఎగువకు ప్రాకి రాగలదు. నీరు ధ్వనికంటె వడిగా పరువెత్తుచోట, చేప యెంత బిగ్గరగా నఱచినను కేక దిగువకే కొట్టుకొనిపోవును. రెండు వేగములును సమానమగు గీతయే ధ్వనికి దిగంతము. ఇట్టి దానికి మూగబిలమని పేరు. ఇది కవిచమత్కారము మాత్రము కాదు. ప్రవాహమున ధ్వని పోకడను తెలుపు సమీకరణమును, కృష్ణబిలముచెంత తరంగముల పోకడను తెలుపు సమీకరణమును ఒకే రూపము గలవని ఉన్రూ చూపెను. కావున హాకింగ్ వాదము సరియైనచో మూగబిలమునుండియు ధ్వనిరూపమున వేడిమి వెలువడవలెను. ఇదియే యిచ్చటి సమానధర్మము.

దిగంతమనగా నెట్టిదో మన యింటిలోనే చూడవచ్చును. చదునైన పళ్లెమును బోర్లించి, కొళాయినుండి సన్నని ధారను దానిపై పడనిండు. ధార పడినచోటి చుట్టును నీరు పలుచగా, నునుపుగా వ్యాపించి, కొంతదూరమున నొక గుండ్రని గట్టుగా లేచును. గట్టు లోపల నీరు అలలకంటె వడిగలది, వెలుపల మందమైనది. సూదిమొనను లోపల నుంచినచో దాని వెనుక బాణపుమొనవంటి గీతలు తీరును. వెలుపల నుంచినచో అట్లు తీరవు. బయటి యల గట్టును దాటి లోనికి పోజాలదు. వెలువడనీయని బిలము నల్లనిదైనచో, చొరనీయని యిది తెల్లని బిలము. ఫ్రాన్సు దేశపు పరిశోధకులు 2011లో నూనెతో నిట్లే చేసి, ఆ గీతల కోణమును కొలిచి ఈ సంగతిని స్థిరపఱచిరి.

పెద్ద ప్రయోగములలో రెండింటిని మాత్రము చెప్పుదుము. వ్యాంకూవర్ నగరమున బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమువారు 6 మీటర్లకు మించిన పొడవుగల నీటికాలువ యడుగున విమానపు ఱెక్కవంటి దిమ్మెనమర్చి, ప్రవాహమునకెదురుగా పొడవైన యలలను పంపిరి. దిమ్మెపై నీటివడి హెచ్చుటచే ఆ యలలు ముందుకు పోజాలక, రెండు విధములైన పొట్టి యలలుగా మాఱినవి. ఆ రెండింటి నిష్పత్తి హాకింగ్ గణితపు క్రమముననే యున్నదని 2011లో ప్రకటించిరి. ఇజ్రాయెల్ దేశమున హైఫాలోని టెక్నియన్ సంస్థలో జెఫ్ స్టైన్‌హావర్ రుబీడియం పరమాణువులను నిరపేక్ష శూన్యోష్ణతకు చేరువగా చల్లార్చెను. ఆ చల్లని ద్రవమున ధ్వని చీమ నడకకంటెను మందముగా పోవును గనుక, ధ్వనిని మించిన ప్రవాహమును కల్పించుట సాధ్యమైనది. ఎవరును పంపకయే దిగంతమున కిరువైపుల జంటలుగా పుట్టు ధ్వనితరంగముల జాడను కనుగొంటినని 2016లో ఆయన ప్రకటించెను. కొందఱు విద్వాంసులు ఆ లెక్కల నాక్షేపించిరి. ఆయన బృందము కోపింపలేదు, మానలేదు. 2019లో వేడిమిని కొలిచి, పిదప 124 దినములలో ప్రయోగమును 97,000 పర్యాయములు చేసి 2021లో ఫలితములను వెల్లడించెను.

ఇందువలన మనకు తెలిసినదేమి? హాకింగ్ గణితమున నొక చిక్కు గలదు. వెలువడు తరంగమును వెనుకకు లెక్కించుకొనుచు పోయినచో, దిగంతముచెంత దాని పొడవు మేర లేకుండ తగ్గిపోవును; అంత సూక్ష్మమైన చోట మనకు తెలిసిన సూత్రములు చెల్లునో లేదో యెవరెఱుగుదురు? ద్రవమునందును ఇట్టి చిక్కే కలదు. పరమాణువుల మధ్యదూరముకంటె పొట్టిదైన ధ్వనితరంగ ముండజాలదు. అయినను మూగబిలమునుండి వేడిమి వెలువడినది. సూక్ష్మస్థితి యెట్టిదైనను ఫలితము చెడనక్కఱలేదని దీనివలన తేలినది. ఇది చిన్న లాభము కాదు. పిల్లల యాట యనువారికి మా సమాధాన మిదియే.

కాని సమానధర్మ మంతటితో ముగిసినది. ఈ తొట్టిలో గురుత్వాకర్షణచే నేర్పడిన బిలము లేదు. కావున అది దేనిని మ్రింగజాలదు, తల్లిదండ్రులు నిశ్చింతగా నుండవచ్చును. ఆకాశపు బిలము వేడిమిని వెడలగ్రక్కి క్రమముగా క్షీణించునా, లోపడిన వస్తువుల వృత్తాంతమేమగును అను ప్రశ్నలకు నీరు బదులు చెప్పదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఆకాశపు బిలము నిజముగా నాసమీకరణమునకు లోబడి యున్నదా యని తొట్టి పరీక్షింపలేదు. లోబడియున్నచో ఏమగునో మాత్రమే చూపగలదు. కనుక హాకింగ్ వాదము ఆకాశమున ఋజువైనదని చాటుట సత్యమునకు మించిన మాట. సాక్షి తాను చూచినంతవఱకు చెప్పినచో న్యాయస్థానమున కుపకారి. చూడనిదియు కలిపి చెప్పినచో చూచినదియు చెడును.

ఈ సంగతి మన బడికి దూరమైనది కాదు. పుస్తకమున నున్న జవాబు ముందే తెలిసియుండుటచే, లోలకము నూపకయే రికార్డు పుస్తకమున అంకెలు వ్రాయు విద్యార్థులను మేమెఱుగుదుము. జవాబు సరిపోయినదని వారు సంతసింతురు. గురువులును కొన్ని పర్యాయములు సంతకము చేయుదురు. 97,000 పర్యాయములు చూచినవారి యెదుట ఒక్క పర్యాయమైనను చూడని మన రికార్డులు నిలువగలవా? విద్యార్థులారా, మీ లెక్క పుస్తకముతో కలియకున్నను కొలిచినదే వ్రాయుడు. ఉపాధ్యాయులారా, కలియని లెక్కకు తక్కువ మార్కు లిచ్చుట మానుడు. తల్లిదండ్రులారా, పళ్లెము తడిసినదని పిల్లలను కోపింపకుడు.

పోలికచే తెలిసినదెంతో, తెలియనిదెంతో రెండును చెప్పగల ధైర్యమే విద్యకు ఫలమని మా దృఢవిశ్వాసము.