చీనా బడులకు ఇంగ్లీషు పంతుళ్లు

ఇంగ్లీషు వచ్చినవాడెల్ల ఇంగ్లీషు చెప్పగలడను భ్రమ మనలో చాలకాలముగా పాతుకొనియున్నది. భోజనము చేయ వచ్చినవాడెల్ల వంట చేయగలడనుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఈ భ్రమకు ఇటీవల రెక్కలు మొలచినవి. చదువు ముగిసి ఉద్యోగము కుదురులోపల ఒక్క యేడాది చీనా దేశమునకు పోయి, అచ్చటి పిల్లలకు ఇంగ్లీషు బోధించి వత్తుమను యువకులు మన పట్టణములందును, అమెరికా, బ్రిటను దేశములలో పెరిగిన మనవారి బిడ్డలయందును అక్కడక్కడ కనబడుచున్నారు. పరుల బిడ్డలకు చదువు చెప్పవలయునను కోరిక మెచ్చదగినదే. కాని ఆ ప్రయాణమునకు వారు చేసికొనుచున్న సన్నాహమేమని విచారించినచో టిక్కెట్టు, ఉన్నికోటు, ఆవకాయ జాడీ తప్ప వేఱొండు కానరాదు.

మొన్న మా కడకు అట్టి యువకుడొకడు వచ్చెను. ఇంజనీరింగు పట్టభద్రుడు, మా పొరుగువారి బిడ్డ. చేతిలో రెండు పుటల కాగితము. “బాబాయిగారూ, ఇది యొక్కసారి చూచి సంతకము పెట్టవచ్చునో లేదో చెప్పండి” అనెను. చూచితిమి. ఒక దళారి పంపిన ఒడంబడిక అది. చీనాలో ఒక చిన్న పట్టణము. వారమునకు 22 పాఠములు. వసతి, భోజనము ఉచితము. జీతము లేదు గాని “చేతిఖర్చు” కలదు. వచ్చుటకు పర్యాటక వీసా చాలును, తక్కినది వచ్చిన పిమ్మట చూచుకొనవచ్చును. బడి పేరు లేదు. పిల్లల వయస్సు లేదు. పాఠ్యపుస్తకమేదియో లేదు. ఇరువదేండ్లుగా వకీలు వృత్తిలో నున్న మాకు కాగితములో నున్నదానికంటె లేనిదానిని చదువుటయే అలవాటు. “నాయనా, ఇందులో నీవు చేయవలసినవి పదునాలుగున్నవి, వారు చేయవలసినవి రెండే యున్నవి” అంటిమి. అతడు నవ్వెను. “సేవకు పోవువాడు లెక్కలు చూడవచ్చునా బాబాయిగారూ?” అని అడిగెను. ఈ ప్రశ్నయే మాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

చట్టము సంగతి ముందుగ ముగింతము. 2013 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న చీనా దేశపు రాకపోకల చట్టము పని అనుమతి లేక పనిచేయు విదేశీయునకు 5,000 మొదలు 20,000 యువానుల వఱకు జుల్మానాయు, తప్పు పెద్దదైనచో దానితోపాటు 5 మొదలు 15 దినముల నిర్బంధమును విధించుచున్నది. బోధింప బోవువాడు పని అనుమతికై ముందుగనే పత్రములు సమకూర్చుకొని, ‘జెడ్’ వీసాపై దేశము ప్రవేశించి, 30 దినములలోపల నివాసపు అనుమతికై దరఖాస్తు పెట్టుకొనవలయును. పని పేరు సేవ యనియు, జీతము పేరు చేతిఖర్చనియు మార్చినంత మాత్రమున చట్టము కన్నులు మూసికొనదు. పర్యాటక వీసాపై రమ్మనువాడు పట్టుబడిన నాడు కానరాడు. పోలీసు ఠాణాలో కూర్చుండువాడు మన పిల్లవాడే.

ఇక నిబంధనలలో మఱియొక ముల్లు కలదు. 2017లో వచ్చిన ప్రమాణముల ప్రకారము విదేశ భాషోపాధ్యాయుడు సామాన్యముగ తన మాతృదేశపు మాతృభాషనే బోధింపవలయును. పట్టభద్రుడై, రెండేండ్ల బోధనానుభవము గలవాడై యుండవలయును. అనగా అమెరికా పాసుపోర్టు గల మన తెలుగు బిడ్డకు తలుపు తెఱచియుండును. ఇంగ్లీషు సాహిత్యమున ఎం.ఏ. చదివి పదేండ్లు పాఠములు చెప్పిన బెజవాడ పంతులునకు అదే తలుపు చాల ఇఱుకు. ఇది అన్యాయమని మేము నిస్సంశయముగ చెప్పుచున్నాము. పుట్టుకను చూచి పాండిత్యమును లెక్కించు పద్ధతి మనకు క్రొత్త కాదు. దాని ఫలములను మన దేశమున తరతరములుగా అనుభవించుచునే యున్నాము. కాని విచిత్రమేమనగా, ఆ ప్రమాణములలోనే ఉపాధ్యాయ విద్యలోగాని భాషావిద్యలోగాని పట్టము గలవారికి, స్వదేశమున ఉపాధ్యాయ యోగ్యతాపత్రము గలవారికి రెండేండ్ల యనుభవము అక్కఱలేదని మినహాయింపు కలదు. శిక్షణమునకు విలువ గలదని ఆ నిబంధన వ్రాసినవారికిని తెలియునన్న మాట. తెలియనిది మన యువకులకు. అన్యాయమైన తలుపును ఎదుట నిలిచి తట్టవలయునేగాని దొడ్డిగోడ దూకరాదు. దూకినవానికి ఆ తలుపును గుఱించి మాటాడు హక్కు పోవును.

చట్టము దాటిన పిమ్మట అసలు కష్టము మొదలగును. చీనా బాలుడు ఇంగ్లీషు నేర్చుటలో ఎచ్చట తడబడునో ఎఱుగకుండ వాని యెదుట నిలుచువాడు వైద్యము తెలియక నాడి పట్టువానివంటివాడు. చీనా భాషలో క్రియారూపము కాలమును బట్టి మాఱదు. నిన్న పోయినను, రేపు పోవనున్నను క్రియ యొక్కటే. నిన్న, రేపు అను మాటలును, చివర చేర్చు చిన్న యక్షరములును అర్థమును తెలుపును. అతడు, ఆమె అను సర్వనామములు వ్రాతలో వేఱైనను ఉచ్చారణలో ఒక్కటే. కావున పరీక్షలో నూటికి తొంబది తెచ్చుకొను బాలికయు మాటాడునపుడు తల్లిని ‘అతడు’ అనుట కలదు. అది తెలివితక్కువ కాదు, భాషాస్వభావము. మాటల చివర ‘న’కారము, అనునాసికము, రేఫము వంటివి తప్ప హల్లులు నిలువవు, అందుచేత ఇంగ్లీషు మాట చివరి హల్లునకు ఒక అచ్చు తగిలించుట వారికి సహజము.

మన తెలుగువాడు ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలయును. బస్సు, కారు, బెంచి, రోడ్డు అని ప్రతి మాటకును అచ్చు తగిలించిన జాతి మనదే గదా! ఇంగ్లీషువారి నామముల ముందు వచ్చు ఆ చిన్న యుపపదములు మన భాషలోను లేవు, వారి భాషలోను లేవు. వాటిని ఎచ్చట ఉంచవలయునో, ఎచ్చట విడువవలయునో తెలియక మన తండ్రులు బెత్తపు దెబ్బలు తినిరి. ఈ గుంటలో పడి లేచినవానికే గుంట లోతు తెలియును. లండనులో పుట్టినవానికి ఆ గుంట కలదనియే తెలియదు. కావున తెలుగు చక్కగ నేర్చి, దానినుండి ఇంగ్లీషునకు నడచిన త్రోవను జ్ఞప్తియందుంచుకొన్న ఉపాధ్యాయుడు చీనా బడికి నిజముగ పనికివచ్చును. తెలుగును మఱచి ఇంగ్లీషును పలుకుటయే తన యోగ్యత యనుకొనువానికి ఆ మేలు కూడ లేదు.

మేము ఈ మాటలను పుస్తకములు చూచి వ్రాయుట లేదు. కళాశాల విడిచిన క్రొత్తలో మా పేట రాత్రిబడిలో బియ్యపు మిల్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పుటకు పూనుకొంటిమి. మొదటి దినమున గంటసేపు భూత భవిష్యద్వర్తమానములను గుఱించి ధారాళముగ ఉపన్యసించితిమి. ముగియగనే వెనుకవరుస బాలుడొకడు లేచి, “అయ్యా, మీరిప్పుడు చెప్పినది ఇంగ్లీషా, తెలుగా?” అని వినయముగ నడిగెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడు మా భాష మాటాడువాడు, మా వీధివాడు. వానికే మా పాఠము అందలేదే, మాట తెలియని దేశమున ఏబదిమంది పిల్లల యెదుట నిలుచువాని గతి యేమి?

చీనా బడుల సంగతి కొంచెము తెలిసికొనవలయును. 2001 నుండి అచ్చట మూడవ తరగతి మొదలు ఇంగ్లీషు చెప్పవలయునని యేర్పాటు కలదు. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు జరుగు మహాపరీక్షలో 750 మార్కులలో 150 దానివే. పల్లెటూరి బాలునకు ఆ మార్కులు జీవన్మరణ సమస్య. వాని భారమంతయు మోయువాడు వారమంతయు వానితో కుస్తీపట్టు చీనా ఉపాధ్యాయుడు. విదేశీయుడు వారమునకొక్కసారి వచ్చి పాట పాడించి, ఆట ఆడించి పోవును. పిల్లలు నవ్వుదురు, ఫొటోలు దిగుదురు. ఆ నవ్వును చూచి తాను విద్యాదానము చేసితినని మురియువాడు, వెనుకగదిలో దొంతరలుగా పడియున్న కాపీపుస్తకములు దిద్దుకొనుచున్న ఆ స్థానికోపాధ్యాయుని మొగమును ఒక్కసారి చూడవలయును. పోవువాడు మొదట కలిసికొనవలసినది అతనినే. “అయ్యా, మీ పిల్లలు ఎచ్చట తడబడుచున్నారు? నాకు అప్పగించిన గంటలో నేనేమి చేసిన మీకు మేలు?” అని అడుగవలయును. ఈ ప్రశ్న చీనా భాషలో అడుగగలిగిన మఱియు మేలు. ఇక సాయంకాలము ప్రైవేటు ట్యూషనులు చెప్పి సంపాదింపవచ్చునని ఆశపెట్టు దళారులకు ఒక్క మాట: 2021 జూలైలో చీనా ప్రభుత్వము బడి పాఠములను లాభమునకు చెప్పు ట్యూషను వ్యాపారమును అణచివేసినది.

చరిత్రయు సన్నాహములో భాగమే. చీనాకు ఇంగ్లీషు సరస్వతీదేవి చేయి పట్టుకొని పోలేదు. ఫిరంగి పడవనెక్కి పోయినది. వంగదేశమునను మాళవమునను పండిన నల్లమందును అమ్ముకొను హక్కునకై 1839 మొదలు 1842 వఱకు ఆంగ్లేయులు యుద్ధము చేసిరి. ఆ సేనలో మన మదరాసు సిపాయిల 37వ పటాలముకూడ ఉండెను. 1858 నాటి తియాన్‌జిన్ సంధిలో, ఇంగ్లీషు ప్రతికిని చీనా ప్రతికిని అర్థభేదము వచ్చినచో ఇంగ్లీషు ప్రతి యర్థమునే ఆంగ్ల ప్రభుత్వము సరియైనదిగ గ్రహించునని వ్రాయించిరి. వకీలుగ మేము చూచిన పత్రములలో ఇంత నిర్లజ్జమైన షరతు మఱియొకటి లేదు. తమ సంధిపత్రమును తమ కంటితో చదువుకొనుటకై చీనావారు 1862లో బీజింగులో తుంగ్‌వెన్ గ్వాన్ అను భాషాపాఠశాల నెలకొల్పిరి. అట్టి దేశపు బిడ్డకు ఇంగ్లీషు చెప్పబోవు భారతీయుడు తాను నాగరకత పంచబోవుచున్నానని తలచిన నగుబాటగును. ఆ భాష మనకును వారికిని ఒక్క ద్వారముననే వచ్చినది.

శిక్షణము ఎట్లుండునో చూపుటకు ఒక యుదాహరణము. అమెరికా శాంతిదళము 1993 మొదలు 2020 వఱకు 1,300 మందికి పైగా స్వచ్ఛందసేవకులను చీనాకు పంపినది. వారి వెనుక అమెరికా ప్రభుత్వపు ఉద్దేశములేవియో యుండవచ్చును. అది వేఱు సంగతి. ఇంగ్లీషు మాతృభాషగాగల ఆ యువకులనే నేరుగా తరగతిలోనికి విడువక, రెండు నెలలకు పైగా కూర్చుండబెట్టి చీనా భాషయు, బోధనాపద్ధతియు నేర్పి, పిమ్మట రెండేండ్లు పనిచేయుటకు పంపిరి. పెక్కుమందిని పంపినది కళాశాలలకు. అందులో పల్లె బడులకు ఉపాధ్యాయులను తయారుచేయునవియు నుండెను. మన పిల్లవాడు పర్యాటక వీసాతో, ఆవకాయ జాడీతో, ఆఱు నెలలకై పోవుచున్నాడు!

ఇంతలో మఱియొక యాక్షేపణ వినవచ్చును. 1962లో మనపై యుద్ధము చేసిన దేశమునకు, 2020లో గల్వానులో మన సైనికుల నెత్తురు చిందించిన దేశమునకు మన బిడ్డలు సేవ చేయుటయా యని. ఆ నెత్తుటిని మేము మఱవలేదు. కాని సరిహద్దు తగవు సరిహద్దున తీర్చుకొనవలసినదే. పదేండ్ల పిల్లవాని పలకపై కాదు. 1938లో, మనము పరుల యేలుబడిలో నుండగనే, కాంగ్రెసు ఐదుగురు వైద్యులను చీనాకు పంపినది. వారిలో షోలాపురపు ద్వారకానాథ కోట్నీసు తక్కినవారు మరలివచ్చినను రాక, చీనా భాష నేర్చి, ఆ భాషలోనే రోగులతోను విద్యార్థులతోను మాటాడి, 1942 డిసెంబరు 9వ తేదీన 32 ఏండ్లకే అచ్చటనే కన్నుమూసెను. చీనావారు అతనిని నేటికిని తలచుకొనుట అతడు వైద్యుడైనందున మాత్రమే కాదు. ఇటు చూచిన, 1928లో శాంతినికేతనమునకు వచ్చిన తాన్ యున్‌షాన్ పండితుడు 1937లో చీనాభవనమును నిలిపి, 1983లో మన బుద్ధగయలోనే తుదిశ్వాస విడిచెను. మనకు చీనా భాష నేర్ప వచ్చినవాడు ఒక జీవితము నిచ్చినాడు. మనము వారికి ఇంగ్లీషు నేర్ప పోవుచు ఆఱు నెలలైన సిద్ధపడరాదా?

పై సంగతులన్నియు ఆ సాయంకాలము మా పొరుగు యువకునకు చెప్పితిమి. అతడు కాగితము మడచి జేబులో పెట్టుకొని మాటాడక లేచిపోయెను. కోపము వచ్చినదనుకొంటిమి. పది దినములకు మరల వచ్చి, దళారికి సంతకము పెట్టనని వ్రాసితిననియు, ముందు బి.ఎడ్. చదువదలచితిననియు చెప్పెను. ఇప్పుడు వారమునకు నాలుగు సాయంకాలములు మా పేట రాత్రిబడిలో నలువదిమందికి ఇంగ్లీషు చెప్పుచున్నాడు. మొదటి దినమున అతడును గంటసేపు తానే మాటాడెను; మేము వెనుకబల్లపై కూర్చుండి మా పాత పాపమును జ్ఞప్తికి తెచ్చుకొంటిమి. ఈ నడుమ పది నిమిషములు తాను మాటాడి తక్కిన గంట పిల్లలచేత మాటాడించుచున్నాడు. ఉదయమున చీనా పాఠములు చదువుకొనుచున్నాడు. ఒకే యక్షరము స్వరభేదముచే అమ్మయు, జనుమును, గుఱ్ఱమును, తిట్టును అగుననియు, అందు గుఱ్ఱపు స్వరము తన గొంతునకు ఇంకను లొంగలేదనియు మొన్న మాతో వాపోయెను.