కుట్టుమిషను చప్పుడు

ఈ ఉగాదికి మా అమ్మమ్మ ఇంట్లో గొడవ జరిగింది. ఆస్తి గురించి కాదు, బండి గురించి.

మా పిన్ని ఆసుపత్రిలో నర్సు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి డ్యూటీ దిగితే షేర్ ఆటో దొరకదు. రెండేళ్ళు చీటీ కట్టి, ఆ డబ్బుకి బ్యాంకు లోను కలిపి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 కొనుక్కుంది. పాతకాలం గుండ్రటి హెడ్‌లైట్, నీటిబొట్టు లాంటి ట్యాంకు, కాళ్ళు కాస్త ముందుకి చాపి దర్జాగా కూర్చునే క్రూయిజర్ బండి. మా మావయ్య దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, స్టార్ట్ చేయించి, కళ్ళు మూసుకుని విని, "ఇదీ ఒక బుల్లెట్టేనా? కుట్టుమిషను. ఆడవాళ్ళ బండి చేసి పెట్టారు" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడితే బాగుండదని ఊరుకున్నాను. అప్పుడు మింగిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను. మావయ్య మన పత్రిక చదువుతాడు. చదవనీ.

తిరువొత్తియూరులో పుట్టినవాళ్ళకి ఈ బండి గొప్ప ఒకళ్ళు చెప్పక్కర్లేదు. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళూ ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ వాళ్ళూ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ మా ఊళ్ళోదే. మొదట్లో అక్కణ్ణుంచి వచ్చిన భాగాలు ఇక్కడ బిగించేవాళ్ళు. తరవాత భాగాలు కూడా ఇక్కడే తయారయ్యాయి. అక్కడ కంపెనీ మూతపడింది, ఇక్కడ బుల్లెట్టు ఆగలేదు. కాబట్టి పాత బుల్లెట్టుని నేను తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మావయ్య ఆదివారం దాన్ని స్టార్ట్ చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. తాళం తిప్పాలి. హెడ్‌లైట్ పైన ఉన్న అమ్మీటరు ముల్లు చూస్తూ డీకంప్రెసర్ మీట నొక్కి, కిక్కుని మెల్లిగా దించాలి. ముల్లు మధ్యకి రాగానే మీట వదిలేసి, కిక్కుని మళ్ళీ పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి తన్నాలి. లెక్క తప్పితే కిక్కు ఎదురు తంతుంది. పూజలో మంత్రం తప్పకూడదు అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పూజ ఒక పరీక్ష అయిపోయింది. తన్ని స్టార్ట్ చేసినవాడే మగాడు, చెయ్యలేనివాళ్ళు వెనక కూర్చోవాలి. పైగా పాత బుల్లెట్లకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బండి మీద నేర్చుకున్నవాళ్ళు దీన్ని ముట్టుకోవాలంటే భయం. మా అమ్మమ్మ ఇంట్లో అంతమంది ఆడవాళ్ళం ఉన్నాం, ఆ బండి నడిపినవాళ్ళు ఒక్కరూ లేరు. నడపొద్దని ఎవరూ చెప్పలేదు, నిజమే. చెప్పాల్సిన పని బండే చూసుకుంది.

ఇప్పుడు కొత్తదాని సంగతి. పాత ఇంజనులో పిస్టను వెడల్పు 70 మిల్లీమీటర్లు, అది కిందికీ పైకీ తిరిగే దూరం 90. ఒక్కటే పెద్ద పిస్టను, అంత దూరం ఎగిరి దూకుతుంటే దాని ఊపుని ఆపేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే బండంతా వణుకు. 2020లో మీటియరుతో వచ్చిన ఇంజనులో ఆ కొలతలు 72, 85.8. ఇప్పటికీ పొడుగు దూకుడే, అందుకే డుగ్ డుగ్ ఎక్కడికీ పోలేదు. కాకపోతే లోపల ఒక బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టారు, అది పిస్టను ఊపుకి ఎదురు ఊపు ఇస్తుంది. పోయింది వణుకు. మావయ్య ఏడుస్తున్నది ఆ వణుకు కోసం!

సీటు నేలకి 765 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మా పిన్ని పొట్టి. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేల మీద ఆనతాయి. ఎన్నూరు రోడ్డులో కంటైనర్ లారీల మధ్య సడన్‌గా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా రెండు వైపులా ఏబీఎస్ ఉంది. బొత్తాం నొక్కితే స్టార్ట్. ఆకర్షణ ఏముంది ఇందులో అని అడుగుతారు. వేగం కాదు, 20 హార్స్‌పవర్ బండి దగ్గర వేగం ఎవరు అడుగుతారు? మా తాతల నాటి రూపం మీద, మా పిన్ని లాంటి మనిషి, ఎవరి సాయమూ లేకుండా కూర్చుని వెళ్ళిపోగలదు. నాకు కనిపించే ఆకర్షణ అదే.

తప్పులు లేవా? ఉన్నాయి. 191 కిలోల బరువు, పడితే పిన్ని ఒక్కతే లేపలేదు. బ్యాటరీ పడుకుంటే తన్నడానికి అసలు కిక్కే లేదు, ఆ మాట మావయ్యదే గెలుపు. పాత ముఖం తగిలించి కొత్త ధర గుంజుతున్నారు, డ్యూటీకి 125 సీసీ చాలదా అంటే చాలు. పెట్రోలూ మిగులుతుంది. కానీ మార్కెట్టుకి వంకాయల కోసం 350 సీసీ వేసుకెళ్ళే మావయ్యని ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదే?

మా క్లాసు అబ్బాయిలు ఇంకో రకం. ఇలాంటి బండి కొన్న మర్నాడే సైలెన్సర్ పీకించి చప్పుడుది వేయిస్తారట. వీళ్ళకి గేరు బండి లైసెన్సు రావడానికే 18 ఏళ్ళు నిండాలి. కొందరు అన్నల బండ్లు ఇప్పటికే తీస్తున్నారు. తల్లిదండ్రులు కూడా చదువుతారు గనక రాస్తున్నాను: 2019లో చట్టం మారాక మైనరు బండి నడిపితే పెద్దవాళ్ళకి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. ఇక చప్పుడు సంగతి. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకున్న మా పిన్నిని వాళ్ళ వీధిలో ఎన్నిసార్లు ఆ చప్పుడు లేపిందో నాకు తెలుసు. వాళ్ళకి కావలసింది ఇంజను శబ్దం కాదు, వీధంతా తలతిప్పి చూడటం.

కుట్టుమిషను అన్న మాట దగ్గరికి వస్తాను. మా అమ్మ జాకెట్లు కుడుతుంది. మా ఇంటి అద్దెలో సగం ఆ చప్పుడులోంచే వస్తుంది. అమ్మ తన పాత తొక్కుడు మిషనుకి మూడేళ్ళ కిందట మోటారు బిగించుకుంది. మోకాళ్ళ నొప్పి తగ్గింది, కుట్టు అదే కుట్టు. "నువ్వు తొక్కడం లేదు గనక ఇది జాకెట్టే కాదు" అని ఏ గిరాకీ వెనక్కి ఇవ్వలేదు. కాబట్టి మావయ్యా, కుట్టుమిషను అంటే తిట్టు అనుకుని అన్నావేమో, మా ఇంట్లో అది తిట్టు కాదు.

ఇంకొక్కటి. భోజనాలయ్యాక మావయ్య మా తమ్ముణ్ణి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, "పెద్దయ్యాక నా బుల్లెట్టు నీకే. ముల్లు చూసి కిక్కు కొట్టడం నేనే నేర్పిస్తాను" అన్నాడు. తమ్ముడికి తొమ్మిదేళ్ళు. నాకు పదిహేను. లైసెన్సు వయసు ముందు ఎవరికి వస్తుందో లెక్క మావయ్యకి రాదా? నన్ను అడగనైనా లేదు. అడిగితే, ఆ పాతదాన్ని కూడా నేర్చుకుంటాను.